పాత స్టెర్న్‌డ్రైవ్ బోటుకు జెట్ పెట్టాలంటే: కోసే ముందు చూసుకోవాల్సినవి

ప్రశ్న క్లుప్తంగా ఇది. అడిగినవారు ఉండేది అమెరికాలోని ఐడహోలో. బోటు 1989 నాటి 18 అడుగుల ఫైబర్‌గ్లాస్‌ది, 5.7 లీటర్ల వీ8 ఇంజిన్, మెర్‌క్రూజర్ ఆల్ఫా వన్ స్టెర్న్‌డ్రైవ్, అంటే ఇంజిన్ లోపల ఉండి, గేర్లూ ప్రొపెల్లరూ ఉన్న డ్రైవ్ బోటు వెనక బయట వేలాడేది. స్నేక్ నదిలో రాళ్లకు తగిలి స్కెగ్ (డ్రైవ్ కింది రెక్క) విరిగింది, గేర్లు మోగుతున్నాయి. డ్రైవ్ తీసేసి, సెకండ్‌హ్యాండ్‌లో దొరికే బర్క్‌లీ 12జేసీ లాంటి జెట్ పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. కానీ ఆల్ఫా వన్ విప్పిన చోట జెట్ బిగిస్తే పని అయిపోతుందనుకుంటే మాత్రం సగం దారిలో ఇరుక్కుంటారు. జెట్ అంటే బోటు అడుగుకు అతికించిన ఒక పెద్ద పంపు. అడుగున ఉన్న నోటితో (ఇన్‌టేక్) నీరు పీల్చి, లోపల తిరిగే రెక్కల చక్రంతో (ఇంపెల్లర్) వెనక నాజిల్ గుండా చిమ్మి బోటును నెడుతుంది. ఊళ్లో బావి మీద మోటారు పెట్టినవాళ్లందరికీ తెలిసిన సంగతే ఇక్కడా: మోటారు ఎంత గట్టిదైనా సక్షన్ వైపు గాలి పడితే నీళ్లు ఎత్తదు. జెట్ బోటులో ఆ సక్షన్ పైపు మీ బోటు అడుగే. అందుకే ఈ పనిలో కష్టం ఇంజిన్ దగ్గర కాదు, అడుగు దగ్గర ఉంటుంది.

వచ్చేదేంటి, పోయేదేంటి అన్నది ముందు తేల్చుకోండి. బోటు అడుగు కింద వేలాడే డ్రైవ్ ఉండదు కాబట్టి, ప్లేన్ మీద, అంటే వేగానికి నీటి పైకి తేలి పరుగెడుతున్నప్పుడు కొన్ని అంగుళాల నీటిలోనైనా దాటిపోతుంది. ఆగితే మాత్రం ఆ అదృష్టం ఉండదు, బోటు తన బరువుకు తగ్గ లోతు దిగుతుంది. అదే ఇంజిన్‌తో గరిష్ఠ వేగం తగ్గుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. నెమ్మదిగా పోతున్నప్పుడు ప్రొపెల్లర్‌తో పోలిస్తే జెట్ బాగా వెనకబడుతుంది. ఇంకోటి, చాలామంది మరిచిపోయేది: ఇన్నాళ్లూ రాయి తగిలితే దెబ్బ స్కెగ్ తినేది. ఇకమీదట ఆ దెబ్బ బోటు అడుగు తింటుంది. స్నేక్, సాల్మన్ నదుల్లో తిరిగే జెట్ బోట్లు వెల్డింగ్ చేసిన మందపాటి అల్యూమినియంవి కావడానికి కారణం అదే. అల్యూమినియం సొట్టపోతుంది, ఫైబర్‌గ్లాస్ చిల్లి పడుతుంది.

కాబట్టి నా మాట ఇది. మీరు తిరిగేది ఎక్కువగా లక్కీ పీక్ లాంటి రిజర్వాయర్లలో అయితే డ్రైవ్ బాగు చేయించుకోండి, ఆల్ఫా వన్‌కు ఇప్పటికీ విడిభాగాలు దొరుకుతాయి. రాళ్ల నదే మీ లక్ష్యమైతే పాత అల్యూమినియం జెట్ బోటు ఒకటి చూసుకోవడం తక్కువ ఖర్చు. గులకరాళ్ల తిన్నెలు, ఇసుక మేటలు, లోతు తక్కువున్న ర్యాంపులు మాత్రమే మీ ఇబ్బంది అయి, బోటు గట్టిగా ఉండి, పని చేతులారా చేసుకోవాలన్న ఇష్టం ఉంటేనే ఈ మార్పిడికి దిగండి. శని ఆదివారాలు మాత్రమే పనిచేస్తే ఒక చలికాలం పూర్తిగా పడుతుంది.

దిగే ముందు మూడు పరీక్షలు చెయ్యాలి, ఒక్క మధ్యాహ్నం చాలు. మొదటిది: రెండు మీటర్ల నిటారైన అల్యూమినియం బద్ద తీసుకుని, బోటు అడుగున ట్రాన్సమ్ (వెనక గోడ) నుంచి ముందుకు, కీల్‌కు (అడుగు మధ్య గీతకు) అటూ ఇటూ ఆనించి చూడండి. బద్దకూ అడుగుకూ మధ్య 3 మి.మీ.కు మించి సందు కనిపిస్తే అడుగు వంగినట్టే. ఏళ్ల తరబడి ట్రైలర్ మీద సరైన ఆధారం లేకుండా నిలబెట్టిన బోట్లకు ఇది మామూలు. లోపలికి గుంట పడితే ముక్కు నీటిలోకి నొక్కుకుపోతుంది, బయటికి ఉబ్బితే బోటు గెంతుతుంది. స్టెర్న్‌డ్రైవ్‌లో ఆ తప్పును ట్రిమ్ బటన్‌తో (డ్రైవ్ కోణం మార్చే బటన్) సర్దుకుంటారు, జెట్‌లో ఆ బటన్ ఉండదు.

రెండోది డెడ్‌రైజ్, అంటే వెనక భాగంలో అడుగు వీ ఆకారపు కోణం. 10 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే జెట్ ఇన్‌టేక్ చక్కగా కూర్చుంటుంది. 22, 24 డిగ్రీల డీప్ వీ అయితే ఇన్‌టేక్ చుట్టూ చదును పట్టీ అచ్చు పోసి కట్టాలి, పని రెట్టింపవుతుంది.

మూడోది ఫైబర్‌గ్లాస్ పొరల లోపలి చెక్క. ట్రాన్సమ్ లోపలివైపు కింది భాగంలోనూ, స్ట్రింగర్ల (అడుగు వెంబడి పొడవుగా ఉండే దూలాల) పక్కల్లోనూ 6 మి.మీ. బిట్‌తో అరచేయి దూరానికొకటి చొప్పున చిన్న రంధ్రాలు వేసి, బిట్‌కు చుట్టుకుని వచ్చిన పొట్టును వేళ్ల మధ్య నలిపి చూడండి. లేత రంగులో, చుట్టలు చుట్టుకుని, పొడిగా రాలితే చెక్క బతికే ఉంది. నల్లగా, తడి కాఫీ పొడిలా వేలికి అంటుకుంటే పోయింది. రంధ్రంలోంచి నీటి చుక్క జారితే ఇక చెప్పేదేముంది. 1989 నాటి బోటులో డ్రైవ్ కోత చుట్టూ ప్లైవుడ్ పుచ్చి ఉండటం వింత కాదు, ఉందనే అనుకుని బడ్జెట్ వేసుకోండి.

ఇప్పుడు బరువు లెక్క. ఈ మార్పిడిలో ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. ఆల్ఫా వన్ అమరికలో ఇంజిన్ దాదాపు ట్రాన్సమ్‌ను ఆనుకుని ఉంటుంది. జెట్ అయితే బోటు లోపలే చాలా చోటు తీసుకుంటుంది, దాని ముందు షాఫ్ట్, ఆ ముందు ఇంజిన్. అంటే ఇంజిన్ ముప్పావు మీటరు నుంచి మీటరు పైన ముందుకు జరుగుతుంది. ఇంజిన్ 330 కిలోలు, జరిగేది 90 సెం.మీ., బోటు మొత్తం బరువు 1,200 కిలోలు అనుకోండి. 330ని 0.9తో గుణించి 1,200తో భాగిస్తే 0.25 వస్తుంది. బోటు గరిమనాభి పావు మీటరు ముందుకు పోతుందన్నమాట. ట్రాన్సమ్ బయట వేలాడే డ్రైవ్ బరువు కూడా పోతుంది కనుక ఇంకో రెండు మూడు సెం.మీ. కలపండి. అయిదున్నర మీటర్ల బోటుకు ఇది చిన్న మార్పు కాదు. ముక్కు బరువెక్కి, మలుపులో ముందు భాగమే నీటిని పట్టేసి వెనక భాగం తిరుగుతుంది.

దానికి ముడిపడిన ఇంకో చిక్కుంది. ముక్కు దిగితే తోక లేస్తుంది. బోటు నిలకడగా ఉన్నప్పుడు నీటిమట్టం జెట్ షాఫ్ట్ మధ్యరేఖకు సమానంగానో పైగానో ఉండాలి, లేకపోతే పంపు ప్రైమ్ కాదు, అంటే నీరు పట్టుకోదు. మోటారుకు పైనుంచి బిందెడు నీళ్లు పోసినట్టు ఇక్కడ పోయలేం. అందుకని అడుగు కోసే ముందే డ్రైవ్ తీసేసి, ట్రాన్సమ్‌లో డ్రైవ్ ఉండిన కంతకు ప్లేటు బిగించి, ఇంజిన్ ఎక్కడికి పోతుందో అక్కడ అంత బరువు ఇసుక బస్తాలు పెట్టి, జెట్ బరువును వెనక పెట్టి, బోటును నీటిలో దించి మట్టాన్ని టేపుతో గుర్తు పెట్టుకోండి. ఆ గీతే మీ కొలతలన్నిటికీ ఆధారం. బ్యాటరీలు, వీలైతే పెట్రోలు ట్యాంకు వెనక్కి మార్చి మళ్లీ చూడండి.

ట్రాన్సమ్ కోతను మూయడం ప్లేటు బిగించి సీలెంట్ పూసే పని కాదు. పుచ్చిన ప్లైవుడ్‌ను గట్టి చెక్క తగిలేదాకా తీసేయాలి. అంచులను 12కు 1 వాలులో గ్రైండ్ చేయాలి, అంటే బయటి పొర 6 మి.మీ. మందం ఉంటే చుట్టూ 72 మి.మీ. వెడల్పున వాలు రావాలి. ఇది చూడ్డానికి ఎక్కువ అనిపించి చాలామంది 3, 4 సెం.మీ.తో ఆపేస్తారు, రెండో ఏడు ఆ అంచు వెంబడే వెంట్రుకవాసి పగులు కనిపిస్తుంది. కొత్త మెరైన్ ప్లైవుడ్ ముక్కను చిక్కటి ఎపాక్సీతో అతికించి, పైన 1708 బయాక్సియల్ గ్లాస్ (రెండు దిశల్లో పోగులున్న ఫైబర్‌గ్లాస్ గుడ్డ) వేయండి. ఒక పొర సుమారు మిల్లీమీటరు పైచిలుకు మందం వస్తుంది, 6 మి.మీ.కు అయిదారు పొరలు. పాత పాలియెస్టర్ మీద ఎపాక్సీ బాగా పట్టుకుంటుంది, ఎపాక్సీ మీద పాలియెస్టర్ సరిగా పట్టుకోదు, కాబట్టి మొదలుపెట్టిన రెసిన్‌తోనే చివరిదాకా పోండి.

ఇన్‌టేక్ కోత అసలు శస్త్రచికిత్స. కీల్ మధ్యరేఖను బయట దారం లాగి, లోపల మళ్లీ లాగి, రెండూ కలుస్తున్నాయో లేదో 3 మి.మీ. రంధ్రాలతో సరిచూసుకున్నాకే రంపం పెట్టండి. ఇన్‌టేక్ అంచు బోటు అడుగుతో చేతికి తగలనంత సమంగా ఉండాలి. అంచు ఒక్క మిల్లీమీటరు కిందికి పొడుచుకొచ్చినా దాని వెనక నీరు విడిపోయి, ఆ నురగే పంపులోకి పోతుంది. ఇన్‌టేక్ ముందు కనీసం మీటరున్నర దాకా కీల్ పట్టీ, మధ్యలో ఉన్న స్ట్రేక్‌లు (అడుగున పొడవుగా ఉబ్బిన గట్లు), లోతు కొలిచే డెప్త్ సౌండర్, నీటి పికప్ (ఇంజిన్‌కు నీరు తీసుకునే నోరు), ఏదీ ఉండకూడదు. ఉన్నవాటిని గ్రైండ్ చేసి, ఒక్కసారిగా కాకుండా వాలుగా అడుగులో కలిపేయండి. బోటు ముందు భాగం నీటిని చీల్చినప్పుడు ఈ పట్టీల వెంబడే గాలి వెనక్కి జారుతుంది. తిన్నగా పంపు నోటి దగ్గరికి గాలి తెచ్చే కాలువలవి.

లోపలివైపు ఇన్‌టేక్ చుట్టూ కనీసం 20 సెం.మీ. వెడల్పున అదనపు గ్లాస్ వేసి, రెండు ప్రధాన స్ట్రింగర్లతో అడ్డబద్దలతో కలిపేయండి. జెట్ నెట్టే బలమంతా ఇకమీదట ఈ ప్రాంతం ద్వారానే బోటుకు చేరుతుంది.

పంపు పైన చెయ్యి పెట్టి చెత్త తీసే మూత ఉన్న మోడల్ అయితే ఒక జాగ్రత్త. ఆ మూత అంచు మీరు గీసుకున్న నీటిమట్టం గీతకు పైన ఉండాలి. కింద ఉంటే మూత తీసిన మరుక్షణం బోటులోకి నీరు పొంగుతుంది. అవసరమైతే పొడవు పెంచే గొట్టం వేయించండి. మూత మీద ఒక చెయ్యి, ఒక మోచెయ్యి తిరిగేంత ఖాళీ కూడా కావాలి. కలుపు చిక్కేది ప్రవాహం మధ్యలో ఉన్నప్పుడే, అప్పుడు ఇంజిన్ కవర్ ఊడదీసే తీరిక ఉండదు. చెయ్యి పెట్టే ముందు ఇంజిన్ ఆపి, తాళం తీసి జేబులో వేసుకోండి. ఇది తప్పనిసరి.

ఇంజిన్ విషయానికొస్తే, ఆల్ఫా వన్‌లో వెనక మౌంట్లు ట్రాన్సమ్ లోపలి ప్లేటు మీద కూర్చుంటాయి. ఆ ప్లేటు పోతే ఇంజిన్ వెనక భాగానికి ఆధారమే ఉండదు. ఫ్లైవీల్ హౌసింగ్‌కు పక్క మౌంట్లున్నది తెచ్చుకుని, స్ట్రింగర్ల మీద కొత్త దిమ్మలు కట్టాలి. పాత స్ప్లైన్ కప్లర్ (పళ్ల జోడింపు) బదులు ఫ్లైవీల్‌కు డ్యాంపర్‌తో (అదురు మింగే భాగంతో) కూడిన ఫ్లాంజ్ (షాఫ్ట్ బిగించే పళ్లెం) వస్తుంది. ఫ్లైవీల్ వైపు నుంచి చూస్తే ఈ వీ8 గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతుంది. కొనబోయే పంపు అదే దిశకు తయారైందో లేదో ఇంపెల్లర్ బ్లేడ్లు చూసి నిర్ధారించుకోండి.

షాఫ్ట్‌కు రెండు యూనివర్సల్ జాయింట్లు ఉంటాయి. ఇంజిన్ రేఖ, పంపు రేఖ సమాంతరంగా ఉండాలి, రెండు జాయింట్ల కోణమూ ఒకటే కావాలి, 1 నుంచి 3 డిగ్రీలు. సున్నా చేస్తే ఇంకా మంచిదనుకోవద్దు. కోణం లేకపోతే జాయింట్‌లోని సూది బేరింగులు దొర్లక ఒకే చోట కూర్చుని కప్పుల్లో గాట్లు పెడతాయి. కోణాలు తేడాగా ఉంటే 3,000 ఆర్‌పీఎమ్ దగ్గర బోటంతా జుమ్మంటుంది. షాఫ్ట్ మీద స్టీలు గార్డ్ వేయకుండా ఒక్కసారి కూడా స్టార్ట్ చేయొద్దు. తెగిన షాఫ్ట్ అడుగును కొట్టి బోటును ముంచేయగలదు, పక్కనున్న మనిషి కాలు తీసేయగలదు.

కూలింగ్‌లో కొత్తవాళ్లను బోల్తా కొట్టించే సంగతి ఒకటుంది. ఆల్ఫా వన్‌లో నీటి పంపు డ్రైవ్ లోపలే ఉంటుంది. డ్రైవ్ తీస్తే ఇంజిన్‌కు నీళ్లిచ్చే నాథుడే లేడు. జెట్ బౌల్ (ఇంపెల్లర్ వెనక పంపు గుల్ల) మీద ఉన్న ట్యాపింగ్ నుంచి నీరు తీసుకోవచ్చు, కానీ ఐడిల్‌లో అది సన్నగా వస్తుంది, ఫుల్ థ్రాటిల్‌లో గాస్కెట్లు తట్టుకోలేనంత ఒత్తిడితో వస్తుంది. మధ్యలో స్ట్రెయినర్, ప్రెషర్ తగ్గించే వాల్వ్, మిగతా నీటిని బయటికి వదిలే బైపాస్ పెట్టి, ఇంజిన్ దగ్గర ఒత్తిడి 15–20 పీఎస్‌ఐ దాటకుండా చూడండి. నా ఓటు మాత్రం బెల్టుతో తిరిగే రా వాటర్ (నది నీటి) పంపుకే. నీరు జెట్ ట్యాపింగ్ నుంచో, ఇన్‌టేక్‌కు బాగా పక్కగా పెట్టిన పికప్ నుంచో రావచ్చు. నదిలో ఇసుక ఎక్కువైతే హీట్ ఎక్స్ఛేంజర్ పెట్టి బ్లాక్‌లోకి ఇసుక వెళ్లకుండా చేయడం దీర్ఘకాలానికి చవక.

ఎగ్జాస్ట్ కూడా ఇదివరకు డ్రైవ్ గుండానే పోయేది. ఇప్పుడు ట్రాన్సమ్‌కు రెండు వైపులా గొట్టాలు వేసి, బయట ఫ్లాపర్లు (నీరు వెనక్కి రాకుండా మూసుకునే రెక్కలు) పెట్టాలి. ఎగ్జాస్ట్ ఎల్బో (వంపు గొట్టం) పైభాగం నిలకడ నీటిమట్టానికి 13 అంగుళాల పైన ఉండాలి. ఇంజిన్ ముందుకు, కిందికి జరిగినప్పుడు ఈ ఎత్తు తగ్గిపోతుంది, అవసరమైతే రైజర్ స్పేసర్లు (ఎల్బోను పైకెత్తే ముక్కలు) వేయండి. లేకపోతే చటుక్కున ఆగినప్పుడు వెనక అల తోసుకొచ్చి సిలిండర్లలోకి నీరు చేరుతుంది. బిల్జ్ బ్లోయర్ (బోటు అడుగున చేరే ఆవిరిని బయటికి తోసే ఫ్యాను), కార్బురేటర్ మీద ఫ్లేమ్ అరెస్టర్ (మంట బయటికి రాకుండా ఆపేది), మెరైన్ రకం స్టార్టర్, ఆల్టర్నేటర్ మార్చకుండా ఉంచండి. కారు షాపులో దొరికేవి పెడితే పెట్రోలు ఆవిరికి నిప్పంటుకోవచ్చు.

ఇక ఇంపెల్లర్. స్టెర్న్‌డ్రైవ్‌లో గేర్లు ఇంజిన్ వేగాన్ని తగ్గించి ప్రొపెల్లర్‌కు ఇస్తాయి. జెట్ ఇంజిన్ వేగంతోనే తిరుగుతుంది. పంపు తినే శక్తి ఆర్‌పీఎమ్ ఘనానికి అనుపాతంలో పెరుగుతుంది, బోటు బరువుతో దానికి దాదాపు సంబంధం లేదు. ఒక ఇంపెల్లర్ 4,000 దగ్గర 200 హార్స్‌పవర్ తింటుందనుకుంటే, 260 ఇచ్చే ఇంజిన్ సుమారు 4,370 దగ్గర ఆగుతుంది. అదే ఇంజిన్ ముసలిదై 220 మాత్రమే ఇస్తుంటే 4,130 దగ్గర ఆగుతుంది. చూశారా, 40 హార్స్‌పవర్ పోయినా టాకోమీటరులో (ఇంజిన్ తిరిగే వేగం చూపే మీటరు) 240 ఆర్‌పీఎమ్ మాత్రమే తేడా. అందుకే జెట్ బోటులో టాకోమీటరు నమ్మదగింది కావాలి. బర్క్‌లీ ఇంపెల్లర్లలో ఏ (A) రకం పెద్దది, బీ, సీ చిన్నవి. కొనేముందు ఆ అక్షరం, వ్యాసం, ఎప్పుడైనా అంచు కోసి చిన్నది చేశారా అన్నది అడగండి. మీ ఇంజిన్ కంప్రెషన్ కొలిచాకే ఇంపెల్లర్ ఎంచుకోండి. వేర్ రింగ్‌కూ (ఇంపెల్లర్ చుట్టూ ఉండే, అరిగితే మార్చే కట్టుకూ) ఇంపెల్లర్‌కూ మధ్య సందు ఫీలర్ గేజ్‌తో చూడండి. ఒక్కో పక్క అర మి.మీ. ప్రాంతంలో ఉంటే బాగున్నట్టు, మిల్లీమీటరు దాటితే రింగ్ మార్చాలి. ఇసుకలో తిరిగే పంపుకు ఇది ఏటేటా చూసే పని. ఎండాకాలం గోదావరి లాంటి ఇసుక నదుల్లో జెట్ నడిపినా ఇదే బాధ: లోతు సమస్య తీరుతుంది, రింగ్ అరుగుదల మొదలవుతుంది.

న్యూజిలాండ్‌లో బిల్ హామిల్టన్ 1950లలో తొలి జెట్ బోట్లు చేసింది కూడా ఇలాంటి గులకరాళ్ల నదుల కోసమే. మొదట నీటిని అడుగు కింద వదిలాడు, వేగం రాలేదు. నాజిల్‌ను ట్రాన్సమ్ గుండా నీటిమట్టానికి పైకి తెచ్చాక వేగం పెరిగింది. 1977లో ఎడ్మండ్ హిల్లరీ బృందం హామిల్టన్ కంపెనీ జెట్ బోట్లలోనే బంగాళాఖాతం నుంచి గంగలో ఎదురెక్కి, నందప్రయాగ దగ్గర జలపాతం అడ్డొచ్చేదాకా పోయింది. సరైన బోటుకు సరైన పంపు కుదిరితే అది ఎక్కడిదాకా పోగలదో దీన్నిబట్టి తెలుస్తుంది.

స్టీరింగ్‌లో, పాత పవర్ స్టీరింగ్ సిలిండర్ ట్రాన్సమ్ భాగంతోపాటే పోతుంది. కొత్త కేబుల్ వేశాక చక్రం కుడికి తిప్పితే నాజిల్ కుడికే తిరుగుతోందా అని ట్రైలర్ మీదే చూసుకోండి. కేబుల్ తోసే దిశ తారుమారు కావడం తరచూ జరిగే తప్పు. రివర్స్ బకెట్‌కు (నాజిల్ నీటిని ముందుకు మళ్లించే మూతకు) విడిగా లివర్, విడిగా బరువైన కేబుల్ కావాలి. గేర్‌బాక్స్ లేదు కనుక న్యూట్రల్ ఉండదు. బకెట్ సగం దించితే ముందుకూ వెనక్కీ నెట్టడం సమానమై బోటు ఉన్నచోటే అటూ ఇటూ కదులుతుంది, పంపు మాత్రం తిరుగుతూనే గులకలు, తాళ్లు పీలుస్తుంది. కలుపు ఎక్కువున్న నీళ్లయితే మధ్యలో 1:1 వెల్వెట్ డ్రైవ్ గేర్‌బాక్స్ పెట్టుకోండి. నిజమైన న్యూట్రల్ వస్తుంది, పంపును వెనక్కి తిప్పి చెత్త కక్కించవచ్చు. బరువు, పొడవు పెరుగుతాయి కాబట్టి పైన చెప్పిన బరువు లెక్క మళ్లీ చేయాలి.

మొదటి పరీక్ష లోతైన, నిశ్చలమైన నీటిలో చేయండి. థ్రాటిల్ (యాక్సిలరేటర్) వదిలితే స్టీరింగ్ పోతుంది, ఇది స్టెర్న్‌డ్రైవ్ అలవాటున్న చేతికి ప్రమాదం. అడ్డం వచ్చినదాన్ని తప్పించుకోవాలంటే థ్రాటిల్ కొంచెం ఉంచే తిప్పాలని ఖాళీ నీటిలో చేతికి అలవాటయ్యేదాకా సాధన చేయండి. రెవ్ లిమిటర్ 4,800 దగ్గర పెట్టండి, పంపు గాలి పీల్చిన క్షణంలో ఇంజిన్ అదుపు తప్పి లేస్తుంది.

లోపాలు టాకోమీటరే చెప్తుంది. ఆర్‌పీఎమ్ ఎక్కువ, వేగం తక్కువ, మలుపులో మరీ ఎక్కువ అంటే గాలి: ఇన్‌టేక్ అంచు, స్ట్రేక్‌లు, షాఫ్ట్ సీల్ చూడండి. తిన్నగా పోతున్నా ఎప్పుడూ అలాగే ఉంటే వేర్ రింగ్ సందు. నిన్నటిదాకా బాగుండి ఈరోజు హఠాత్తుగా అలా అయితే గ్రేటులో (ఇన్‌టేక్ జల్లెడలో) కలుపు, లేదా ఇంపెల్లర్ వేన్ల మధ్య రాయి. ఆర్‌పీఎమ్ తక్కువ, వేగమూ తక్కువ అయితే ఇంజిన్ బలహీనం, లేదా ఇంపెల్లర్ మరీ పెద్దది. ఒక వేగం దాటాక ముక్కు ఎగిరెగిరి పడుతుంటే అడుగు ఉబ్బు, లేదా వెనక బరువు ఎక్కువ. అప్పుడు ట్రిమ్ ట్యాబ్‌లు (ట్రాన్సమ్ కింది సర్దుబాటు పలకలు) పెట్టే ముందు బ్యాటరీలను ఒక అడుగు ముందుకు జరిపి చూడండి.

ఐడహో చలిలో అక్టోబరు దాటకముందే బ్లాక్, మానిఫోల్డ్‌లు, స్ట్రెయినర్, జెట్ ట్యాపింగ్ నుంచి వచ్చే గొట్టం, అన్నిట్లో నీరు వదిలేయండి. ఆ కొత్త గొట్టం వంపులో నిలిచిన నీరు గడ్డకట్టి వాల్వ్ పగలడం మార్పిడి చేసిన బోట్లలోనే కనిపించే నష్టం. గొట్టానికి అన్నిటికన్నా కింద ఉన్న చోట ఒక డ్రెయిన్ ప్లగ్ ఇప్పుడే వేసి పెట్టండి.